రీయూనియన్ ఆర్కైవ్స్‌లో తెలుగు పూర్వీకుణ్ణి వెతకాలంటే పేరు కాదు, నంబరు పట్టుకోండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా ముత్తాతకు పెదనాన్న వరసైన ఆయన ఒకరు యానాంలో ఓడెక్కి హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల రీయూనియన్ దీవికి కూలీగా వెళ్లి తిరిగి రాలేదట. పేరు అప్పలస్వామి అని తప్ప మాకేమీ తెలియదు. ఇప్పుడు అక్కడి సెయింట్ ఆంద్రే ఊరి నుంచి ఒక కుటుంబం మా ఆచూకీ కనుక్కుని రాసింది. వాళ్ల నానమ్మ 1908లో పుట్టిందట. ఆ దీవి ఆర్కైవ్స్‌లో అప్పలస్వామి దొరుకుతాడా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

దొరికే అవకాశం బాగానే ఉంది. అయితే అప్పలస్వామి పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ పేరుగలవాళ్లు అక్కడ డజన్ల కొద్దీ ఉంటారు. పైగా ఒక్కడి పేరే నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. మొదలుపెట్టాల్సింది 1908లో పుట్టిన ఆ నానమ్మ దగ్గర. అక్కడి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్తూ, ఓడ దిగిన మనిషికి దీవిలో ఇచ్చిన నంబరు దాకా చేరాలి. ఆ నంబరును ఫ్రెంచిలో 'మాత్రిక్యుల్' అంటారు. అది దొరికిందంటే సగం పని అయినట్టే.

ముందు కాలం సంగతి, ఎందుకంటే ఏ రిజిస్టరు తెరవాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. యానాం నుంచి రీయూనియన్‌కు (అప్పటి పేరు బూర్బన్) తెలుగువాళ్ల వలస 1828లోనే మొదలైంది. 'లా త్యుర్క్వాజ్' అనే ఓడలో 15 మంది వెళ్లారు. ఆ తొలి విడతలో వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చేశారు. 1848 డిసెంబర్ 20న దీవిలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి వలస మళ్లీ ఊపందుకుంది. 1860 జూలై 25న ఇంగ్లండు, ఫ్రాన్సు ఒప్పందం చేసుకున్నాక బ్రిటిష్ ఇండియా నుంచి కూడా అధికారికంగా తీసుకెళ్లారు. కూలీల పట్ల అక్కడి తీరు మీద వచ్చిన ఫిర్యాదుల వల్ల బ్రిటిష్ ప్రభుత్వం 1882 నవంబరులో దాన్ని ఆపేసింది. 1908లో పుట్టిన ఆ నానమ్మ అతని మనవరాలైతే మీ అప్పలస్వామి ఎక్కువ పాళ్లు 1860-1882 మధ్య వెళ్లినవాడే. మీ అదృష్టం, కాగితాలు ఎక్కువగా ఉన్నదీ ఆ కాలానికే.

ఇక ఆ ఆర్కైవ్స్ అంటే ఏమిటో చూద్దాం. ఫ్రాన్సులో జిల్లా లాంటి విభాగాన్ని 'దెపార్త్‌మాఁ' అంటారు. ప్రతి దెపార్త్‌మాఁకూ ఒక ప్రభుత్వ ఆర్కైవ్స్ ఉండాలన్నది 1796 అక్టోబరు నాటి చట్టం. రీయూనియన్ 1946 మార్చిలో వలస హోదా పోయి దెపార్త్‌మాఁ అయింది కాబట్టి అక్కడి పాత పత్రాలన్నీ ఇప్పుడు రాజధాని సెయింట్ డెనిస్‌లోని దెపార్త్‌మాఁ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీకి ఫ్రెంచి జోడీ అయిన కంపెనీ నాటి కాగితాల నుంచి నిన్నమొన్నటి ప్రభుత్వ ఫైళ్ల దాకా అన్నీ అక్కడే.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. లైబ్రరీలోలాగా అక్కడ విషయాన్ని బట్టి సర్దరు. 'భారతీయులు' అనే బీరువా ఉండదు. కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో ఆ ఆఫీసు కట్టలోనే ఉంటుంది. కట్టలకు 1841లో దేశమంతటికీ కలిపి ఇచ్చిన అక్షరాల పద్ధతి ఉంది. మీకు పనికొచ్చేవి నాలుగైదే. జనన మరణాలు, నోటరీ దస్తావేజులు 'ఇ' కింద ఉంటాయి. సాధారణ పరిపాలన 'ఎం', వలస కూలీల ఆఫీసు ఫైళ్లు ఉండేది అందులోనే. కోర్టులు 'యు', ప్రైవేటు వ్యక్తులూ తోటల యజమానులూ ఇచ్చిన కాగితాలు 'జె'. 1940 జూలై 10 తర్వాత పుట్టిన ప్రభుత్వ కాగితమైతే 'డబ్ల్యూ'. ఈ అక్షరం, దాని ముందు వెనకల అంకెలు కలిపితే వచ్చేదాన్ని 'కోత్' అంటారు, పెట్టె చిరునామా అనుకోండి. కోత్ రాసివ్వకుండా ఏ కాగితమూ మీ బల్ల మీదికి రాదు.

ఇప్పుడు పని. సెయింట్ ఆంద్రే వాళ్లను ముందు 'లివ్రె ద ఫామీయ్' ఉందేమో అడగండి. పెళ్లయినప్పుడు మునిసిపాలిటీ ఇచ్చే చిన్న కుటుంబ పుస్తకం అది. అందులో తేదీలు, ఊళ్లు ఉంటాయి. అది లేకపోతే నానమ్మ జనన పత్రం పూర్తి నకలు కావాలి. సారాంశం కాదు, పూర్తి నకలే. మార్జిన్‌లో రాసినవి అందులోనే వస్తాయి. 1897 నుంచి పెళ్లి వివరం, 1945 నుంచి మరణ వివరం జనన పత్రం మార్జిన్‌లో రాయడం మొదలైంది. జనన, వివాహ పత్రాలు 75 ఏళ్లు దాటితే ఎవరైనా చూడొచ్చు. మరణ పత్రాలకు ఆ ఆంక్ష లేదు. 1908 నాటిది కాబట్టి బంధుత్వం రుజువు చేయమని అడగరు.

వెనక్కి వెళ్లేకొద్దీ ఇంకో వెసులుబాటు ఉంది. ఫ్రెంచి వలస రాజ్యాల్లో జనన మరణ రిజిస్టర్లు మూడేసి ప్రతులు రాసేవాళ్లు. ఒకటి మునిసిపాలిటీకి, ఒకటి కోర్టుకు, మూడోది ఫ్రాన్సుకు. మూడో ప్రతి పంపాలని 1776 జూన్‌లో రాజాజ్ఞ వచ్చింది. ఓడలు మునిగినా, తుఫాన్లు వచ్చినా, చెదలు పట్టినా ఒకటి మిగలాలని. ఆ మూడో ప్రతులు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో సముద్రాంతర జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాతవాటి స్కాన్లు వాళ్ల సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. రాజమండ్రిలో కూర్చునే ఇది చేసుకోవచ్చు. ప్రాంతం, ఊరు, సంవత్సరం ఎంచుకుంటే పేజీలు వస్తాయి. పేరు టైపు చేసి వెతికే వీలుందనుకోకండి, పేజీలు తిప్పాల్సిందే.

తిప్పడానికీ ఒక పద్ధతుంది. ప్రతి ఏడాది రిజిస్టరు చివర అక్షర క్రమంలో పేర్ల పట్టిక ఉంటుంది. పదేళ్లకోసారి కలిపిన పట్టికలు కూడా ఉంటాయి, 1863-1872, 1873-1882 ఇలా. ముందు పదేళ్ల పట్టిక, తర్వాత పత్రం. భారతీయుల పేర్లు పట్టికలో ఏ అక్షరం కింద వేశారో ఊహించలేం. ఒక గుమస్తా మొదటి మాట చూసి వేస్తాడు, ఇంకొకడు తండ్రి పేరు చూసి. కాబట్టి పట్టిక మొత్తం చదవండి, నాలుగైదు పేజీలే కదా. ఆ ఏడాది కింద ఇంకా ఏమైనా శీర్షికలు కనిపిస్తే అవీ తెరవండి.

ఊరి విషయంలో ఒక జాగ్రత్త. రీయూనియన్‌లో ఇప్పుడు 24 కమ్యూన్లు (మునిసిపాలిటీలు) ఉన్నాయి, అన్నీ ముందునుంచీ ఉన్నవి కావు. బ్రా-పానోఁ 1882లో, లె పోర్ 1895లో, లె తాంపోఁ 1925లో, సిలావోస్ 1965లో వచ్చాయి. "మావాళ్లది తాంపోఁ" అని కుటుంబం చెప్పినా 1880 నాటి పత్రం తాంపోఁ పేరుతో ఉండదు, తల్లి కమ్యూన్ సెయింట్ పియెర్‌లో వెతకాలి. సెయింట్ ఆంద్రే పాతదే కాబట్టి మీకు ఈ తంటా తక్కువ.

పత్రం తెరిచాక భయపడకండి. వంద పత్రాల్లో తొంభై ఒకే మూసలో ఉంటాయి. సంవత్సరం, తేదీ, గంట అన్నీ అక్షరాల్లోనే, అంకెల్లో కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఫ్రెంచిలో డెబ్బైకి విడిగా మాట లేదు, 'అరవై-పది' అంటారు. ఎనభై అంటే 'నాలుగు ఇరవైలు', తొంభై రెండు అంటే 'నాలుగు ఇరవైలు-పన్నెండు'. వరుస చివర 'నాలుగు ఇరవైలు' దగ్గర మాట తెగి మిగతాది కింది వరుసలోకి పోతే 1892ని 1880 అని చదివేస్తాం. తేదీ చదివేటప్పుడు కింది వరుస మొదటి మాట కూడా చూడండి.

తేదీ తర్వాత వచ్చేవాడు పత్రం రాయించడానికి వచ్చినవాడు. దొరలకు పేరు ముందు గౌరవంగా 'సియర్' ఉంటుంది. కూలీలకు 'ల నొమే', అంటే 'ఫలానా పేరుగలవాడు'. ఆ వెంటనే 'ఆఁద్యాఁ' (భారతీయుడు), సుమారు వయసు, 'కుల్తివాతర్' (వ్యవసాయ పని), తర్వాత 'ఆంగాజే' (ఒప్పంద కూలీ), ఎవరి తోటలో, ఆపైన మాత్రిక్యుల్ నంబరు. మీకు కావలసింది ఆ చివరిదే. పుట్టిన బిడ్డ పత్రంలో తండ్రి నంబరు, తల్లి నంబరు రెండూ ఉండొచ్చు. రెండూ రాసుకోండి. ఫ్రెంచివాళ్ల చేతిరాతలో 1కి పైన పొడుగాటి తోక ఉంటుంది, మనం 7 అనుకుంటాం. వాళ్ల 7కి మధ్యలో అడ్డగీత ఉంటుంది. ఆ గుమస్తాయే రాసిన వేరే అంకెల పక్కన పెట్టి పోల్చకుండా నంబరు ఖాయం చేసుకోకండి. ఒక్క అంకె తప్పితే ఇంకొకరి వంశవృక్షం మీ చేతికొస్తుంది.

ఇంకో ఉచ్చు. దీవిలో పుట్టిన కొడుకులకు సైనిక రిజిస్టరు కూడా ఉండొచ్చు. విదేశీయుల పిల్లలు అక్కడే పుడితే ఫ్రెంచి పౌరసత్వం ఇచ్చే 1889 చట్టం రీయూనియన్‌కూ వర్తించింది. ఆ రిజిస్టరు పేరు కూడా మాత్రిక్యులే! దాని నంబరుకూ కూలీ నంబరుకూ సంబంధం లేదు. కానీ ఆ కాగితం భలే పనికొస్తుంది. ఎత్తు, కళ్ల రంగు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం మారిన ఊళ్లు, చదువు 0 నుంచి 5 దాకా అంకెలో. పుట్టిన సంవత్సరానికి 20 కలిపితే ఏ 'క్లాసు' (సైనిక నమోదు ఏడాది) జాబితాలో వెతకాలో తెలుస్తుంది.

ఇప్పుడు పేర్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే తెలుగువాళ్లకే ఇక్కడ పై చెయ్యి ఉంటుంది. ఫ్రెంచి పరిశోధకులు ఇదే చోట ఇబ్బంది పడతారు. పేరు మూడు చెవులు దాటి వచ్చింది: చెప్పిన తెలుగువాడు, చాలాసార్లు తమిళ గుమస్తా, చివరికి ఫ్రెంచి గుమస్తా.

ఫ్రెంచిలో రెండు అచ్చుల మధ్య ఒంటి 'ఎస్' వస్తే 'జ' అని పలుకుతారు. అందుకే 'స్వామి'లోని స కోసం రెండు 'ఎస్'లు వేశారు. రీయూనియన్ ఇంటిపేర్లలో కనిపించే 'రామస్సామి', 'వింగడస్సామి' రూపాలకు కారణం అదే. మీ అప్పలస్వామి కూడా రెండు ఎస్‌లతోనే ఉంటాడు, 'ప'లు మాత్రం ఒకటో రెండో చెప్పలేం. ఉకారానికి 'ఓ', 'యు' రెండక్షరాలు కలిపి రాస్తారు. జకు ముందు 'డి' చేరుతుంది. చకు ముందు 'టి' చేరుస్తారు, లేదా వదిలేస్తారు. వదిలేస్తే ఫ్రెంచివాడు దాన్ని 'ష' అని చదువుతాడు, కాబట్టి చిన్నయ్య 'షినయా' అవుతాడు. హకారం వాళ్లకు పలకదు, హనుమంతు కోసం 'అ' కింద వెతకండి.

తమిళ గుమస్తా వేసిన ముద్ర వేరు. తమిళ లిపిలో క-గ, త-ద, ప-బలకు ఒక్కో అక్షరమే కాబట్టి గోవిందు 'కోవిందు'గానూ, గంగమ్మ 'కంగమ్మ'గానూ మారే వీలుంది. వెంకట వచ్చి 'వింగడ', లక్ష్మి వచ్చి 'లచ్చిమి' లేదా 'లచ్చుమి'. మగవాళ్ల పేర్ల చివర తమిళంలో వచ్చే 'అన్' ఫ్రెంచిలో 'ఇన్' అయి, వీరప్ప కాస్తా 'వీరపిన్' అయిపోతాడు. ఆడవాళ్ల పేర్లకు 'అమ్మాళ్' తగిలిస్తారు. పేరు చూసి మనిషి తమిళుడని తేల్చేయకండి. దీవిలో దక్షిణాదివాళ్లందరినీ కలిపి 'మలబార్' అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. తెలుగువాళ్లని గుర్తించి రాసినచోట 'తెలింగా' అనే మాట ఉంటుంది.

ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోవద్దు. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది వెనక. గుమస్తాకు ఏది ఏదో తెలియదు. చాలా కుటుంబాల్లో ఓడ దిగినవాడి సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. అన్నదమ్ములిద్దరు వెళ్తే రెండు ఇంటిపేర్లయ్యాయి. ఇంకో వింత ఉంది. మన పద్ధతిలో చేసుకున్న పెళ్లి అక్కడి రిజిస్టరులోకి ఎక్కకపోతే చట్టం దృష్టిలో అది పెళ్లే కాదు. అప్పుడు బిడ్డకు తల్లి పేరు వచ్చేది. తండ్రి తర్వాత వచ్చి 'ఈ బిడ్డ నాదే' అని రాయిస్తే మారేది. ఇవాళ ఒక కుటుంబం ఇంటిపేరు ఆడమనిషి పేరులా వినిపిస్తే కారణం ఇదే కావొచ్చు. తండ్రి ఒప్పుకోలు మార్జిన్‌లో ఉండొచ్చు, విడి పత్రంగానూ ఉండొచ్చు.

వయసులను నమ్మకండి. ముప్పై, నలభై, యాభై అని గుండ్రంగా కనిపిస్తే గుమస్తా మొహం చూసి రాసిందే. అటూ ఇటూ ఐదేళ్లు వదిలి వెతకండి. మరణ పత్రంలో 'తల్లిదండ్రులు తెలియదు' అని ఉంటే నిరాశ పడొద్దు. తోట ఆసుపత్రిలో పోయినవాడి గురించి రాయించింది ఏ కాపలాదారో అయి ఉంటాడు. నంబరు మాత్రం అక్కడా దొరకొచ్చు.

నంబరు చేతికొచ్చాక సెయింట్ డెనిస్ ఆర్కైవ్స్‌తో పని పడుతుంది. వలస కూలీల రిజిస్టర్లు నంబరు వరుసలో నడుస్తాయి. అలాంటి రిజిస్టరులో సాధారణంగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, పుట్టిన ఊరు, ఓడ, వచ్చిన తేదీ, ఎవరి తోటకు ఇచ్చారు అన్న గళ్లుంటాయి. అన్నీ నింపి ఉండాలని లేదు. చివరి గడి చూడటం మరవద్దు. చనిపోయాడా, స్వదేశానికి పంపేశారా, ఐదేళ్ల ఒప్పందం అయ్యాక అక్కడే ఉండిపోయే అనుమతి తీసుకున్నాడా అన్నది అందులోనే రాస్తారు.

స్వయంగా వెళ్లలేకపోతే ఈమెయిల్ రాయండి. ఫ్రెంచిలో, ఐదారు వరుసలు చాలు. "మా వంశం గురించి ఉన్నవన్నీ పంపండి" అంటే మర్యాదగా కుదరదంటారు. వంశవృక్షాలు కట్టిపెట్టడం వాళ్ల పని కాదు. "ఫలానా నంబరు గల భారతీయ కూలీ, సుమారు ఫలానా సంవత్సరం. వలస రిజిస్టరులో ఆ వరుస ఉన్న పేజీ నకలు కావాలి" అని ఒక్కటే అడగండి. మీరు చూసిన జనన పత్రం ఊరు, తేదీ, పత్రం సంఖ్య కూడా జతచేయండి. ఫోన్ చేయాలంటే మన గడియారం కన్నా వాళ్లది గంటన్నర వెనక.

వెళ్లగలిగితే పాస్‌పోర్టు చూపించి రీడర్ కార్డు తీసుకోవాలి. సంచీ, పెన్ను బయటే, లోపల పెన్సిలే. ఒకసారికి ఒక పెట్టె. రోజుకు ఇన్నే అని హద్దు ఉంటుంది కాబట్టి కావలసిన కోత్‌లు ముందే కాగితం మీద రాసుకోండి. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. స్కాన్ ఉన్న రిజిస్టరు అసలు ప్రతి అడిగినా ఇవ్వరు. శిథిలమైనవీ ఇవ్వరు. ఆ కాలపు నల్ల సిరాలో ఇనుము ఉంటుంది, తేమకు కాగితాన్ని తినేస్తుంది. కొన్ని పేజీల్లో అక్షరాలున్న చోట చిల్లులే మిగిలాయి. వెనక పేజీ సిరా ఇటు దిగి చదవలేకపోతుంటే స్కాన్‌ను నెగెటివ్ చేసి, వెలుతురు తగ్గించి చూడండి, సగం మాటలైనా తేలతాయి.

పుట్టిన ఊరి గడిలో 'యానాం' ఉంటే సంబరపడకండి. అది ఓడెక్కిన రేవు కావొచ్చు. చుట్టూ ఉన్న బ్రిటిష్ ఇలాకా ఊళ్ల నుంచి యానాం వచ్చి ఎక్కినవాళ్లు చాలామంది. వాళ్ల పుట్టుక యానాం రిజిస్టర్లలో ఉండదు. 'మదరాసు' అని ఉంటే అది ఊరు కాక మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం కావొచ్చు. కాకినాడ 'కొకనాడా' అని, విశాఖ 'విజగపటం'కు దగ్గర రూపంలో కనిపిస్తాయి. 'రాజమండ్రి జిల్లా' అని ఉంటే ఇప్పటి హద్దులతో చూడకండి. 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలుగా మార్చక ముందున్న జిల్లా పేరది, పాత అలవాటుగా తర్వాతా రాసి ఉండొచ్చు. ఊరి పేరు తేలాక మన వైపు కాగితాలకు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ వలస ఫైళ్లున్నాయి. ఫ్రెంచి పాలన కాగితాలకు పుదుచ్చేరిలో జాతీయ ఆర్కైవ్స్ కేంద్రం ఉంది. కానీ ఓడ పేరు, సంవత్సరం లేకుండా ఆ రెండు చోట్లకూ వెళ్తే రోజులు గడుస్తాయి, పని జరగదు.

పత్రం దొరికాక చదవడం కష్టమైతే ఇక్కడే పెట్టండి. ఒక్క వరుస కత్తిరించి కాకుండా పేజీ మొత్తం పెట్టండి. ఆ గుమస్తా 'ఎన్' ఎలా రాశాడో, 'యు' ఎలా రాశాడో అదే పేజీలో తెలిసిన మాటలతో పోల్చి చూస్తేగాని అది అప్పలస్వామో అప్పన్నస్వామో చెప్పలేం.